దూరదర్శనమునకు ఇంటి త్రోవ
(గ్రంథాలయ రజతోత్సవ సభా ప్రసంగ పాఠము)



గ్రంథాలయ సభలో టెలివిజను తీగల ప్రసక్తి యేల యని కొందఱు శంకింపవచ్చును. కరోనా కాలమున బడులు మూతపడియుండగా, 2020 సెప్టెంబరు 1వ తేదీనుండి తెలంగాణమందలి పిల్లలకు పాఠములు దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ఛానళ్ల ద్వారా ప్రసారమయ్యెను. సెల్‌ఫోను లేక, టివిలో బొమ్మయు నిలువని యింట బిడ్డకు ఆనాటి పాఠము దక్కలేదు. విద్య యే త్రోవను వచ్చినను ఆ త్రోవను బాగుచేసికొనుట గ్రంథాలయ ధర్మమే.

హైదరాబాదున దూరదర్శన్ కేంద్రము 1977లో వెలసెను. పిదప కరీంనగరు, ఆదిలాబాదు పల్లెలలో ఇంటికప్పులపై చేపముల్లువంటి యాంటెనాలు లేచినవి. 1926లో జపానుదేశపు ఉదా, యాగీ అను శాస్త్రజ్ఞులు లోకమునకు తెలిపిన సాధనమది. ఒకరు మిద్దెపై గొట్టము త్రిప్పుచుండగా వేఱొకరు లోపలినుండి "వచ్చింది, వచ్చింది... మళ్లీ పోయింది" అని కేకవేయుట పెద్దలకు జ్ఞాపకముండును. టవరునుండి వచ్చు తరంగములకు కొండలు అడ్డు. ఉట్నూరు, కెరమెరి గుట్టల మాటున నున్న గూడెములకు అవి చేరుట దుర్లభము. 2021-22 సంవత్సరములలో దేశమందలి ఆ పాత ప్రసార కేంద్రములలో అధికభాగము మూయబడినవి. ఆ చేపముల్లు నేడు కాకులు వ్రాలుటకే పనికివచ్చును.

దూరదర్శన్ వారు 2004 డిసెంబరున ఉపగ్రహముద్వారా ఉచిత ప్రసారము ప్రారంభించిరి. దానినే నేడు డిడి ఫ్రీ డిష్ అందురు. నెలసరి రుసుము లేదు. ఉపగ్రహము సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున నుండుటచే గుట్టల యడ్డు చాలవఱకు తొలగినది.

డిజిటల్ అనగా నేమి? కరీంనగరు ప్రాంతమున కురిక్యాల చెంత బొమ్మలగుట్టపై పదవ శతాబ్దమున జినవల్లభుడు చెక్కించిన శాసనమున మూడు తెలుగు కందపద్యములు కలవు. రాయి కొంత యరిగినను అక్షరము పోల్చుకొనగలిగినంతవఱకు పద్యము చెక్కుచెదరదు. పోల్చుకొనలేనినాడు పద్యమే లేదు. డిజిటల్ ప్రసారమును అట్టిదే. పాత పద్ధతిలో బలము తగ్గినచో ఇసుక చల్లినట్లు చుక్కలు పడినను బొమ్మ కనబడెడిది. క్రొత్త పద్ధతిలో బొమ్మయు శబ్దమును అంకెలై వచ్చును. అంకెలు తెలిసినంతవఱకు బొమ్మ అద్దము. తెలియనిచో ముక్కలై నిలిచిపోవును. అంతట టివి చెడినదని తలచి అప్పుచేసి క్రొత్తది కొనువారు కలరు. పెక్కుమార్లు దోషము టివిలో లేదు, తీగలో నున్నది.

కావున మొదట పాత బల్లపరుపు తీగను తీసివేయవలెను. ఆర్.జి.-6 అను 75 ఓముల గుండ్రని కేబులు వాడవలెను. డిష్ నుండి పెట్టెవఱకు ఒకే తునకగా, వీలైనంత పొట్టిగా నుండవలెను. నడుమ మెలిపెట్టి అతుకువేయరాదు. కొనకు బిగించు కనెక్టరులో పైజాలి వెండ్రుక యొకటి నడిమి తీగకు తగిలినను పని చెడును. సెట్‌టాప్ బాక్సు ఆ కేబులుద్వారానే డిష్ ముందున్న ఎల్.ఎన్.బి.కి 13 లేక 18 వోల్టుల విద్యుత్తు పంపును. కనుక కరెంటు తీసివేసిన పిదపనే తీగ ముట్టవలెను. బయటి కనెక్టరుకు రబ్బరు టేపు చుట్టి, కేబులు ఇంటిలోనికి వచ్చుచోట కొంచెము క్రిందికి వ్రేలాడనిచ్చినచో వాననీరు లోనికి పోక అచటనే జాఱిపోవును.

ఫ్రీ డిష్ ఉపగ్రహము 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశముపై నున్నది. కరీంనగరునకు అది ఆగ్నేయ దిక్కున, సుమారు 63 డిగ్రీల యెత్తున నుండును. డిష్ వంపు కారణమున దాని ముఖము అంత పైకి చూచినట్లు కనబడదు. ఇతర కంపెనీల ఉపగ్రహములు వేఱు చోట్లనుండును. ఎదుట వేపకొమ్మ అడ్డురాకుండునట్లు చూడవలెను. కోతులు ఊపినను కదలనంత గట్టిగా గొట్టము నిటారుగా పాతవలెను. వేళ్లమందము కదిలినను గుఱి తప్పును. కుంభవృష్టిలో బొమ్మ కొంతసేపు పోవుట సహజము. అప్పుడు డిష్ త్రిప్పరాదు, ఉఱుములలో మిద్దె యెక్కనేరాదు. రెండవ టివి కావలెనన్న రెండు దారుల ఎల్.ఎన్.బి.యు, వేఱొక పెట్టెయు అమర్చుకొనవలెను.

పెట్టె చూపు సిగ్నల్ క్వాలిటీ గీతను చదువనేర్చిన యువకుడొకడు వాడకొకడున్న చాలును. అతడు పేదయింటికి పోయి అతుకు సరిచేసినచో, ఒక పుస్తకము ఆ యింటికి చేర్చిన పుణ్యము దక్కును. ఇరువదియైదేండ్లు పుస్తకములను ఇంటింటికి అందించిన యీ గ్రంథాలయము ఆ పనికిని పూనుకొనుగాక.

స్వస్తి.