ఆముదము త్రాగిన యంత్రము

బండి యిరుసునకు కందెన యేల వేయవలెనో కల్వకుర్తి ప్రాంతము వారికి నేను చెప్పనక్కరలేదు. గడ్డి కాల్చిన మసిలో ఆముదము కలిపి పూయుట మన తాతలనాటి వాడుక. ఆ యాముదమే యొకప్పుడు విమానములను నడిపించినదన్నచో మీలో కొందరు నవ్వుదురేమో. కాని యది నిజము.

1908లో ఫ్రాన్సు దేశమున సెగాన్ సోదరులు 'నోమ్' అను యంత్రమును నిర్మించిరి. దానికి సిలిండర్లు 7, బలము 50 గుర్రములది. అందలి యిరుసు విమానమునకు బిగింపబడి కదలక యుండును. సిలిండర్లన్నియు పంకాతో గూడ దానిచుట్టు నిమిషమునకు సుమారు 1200 మారులు తిరుగును. అచ్చముగా మన బండిచక్రమే! తిరుగుటచేతనే గాలి తగిలి చల్లబడును గనుక నీటితొట్టి బరువు తప్పినది. అయితే పెట్రోలు యంత్రపు కడుపులోనుండియే పోవలెను. భూమినుండి తీసిన నూనెలు అందు కరగి కొట్టుకొనిపోవును. ఆముదము అంత సులభముగా కరగదు. వాడిన నూనె మరల రాదు, వెలికి చిమ్మబడును. అది మీద పడి వైమానికుల కడుపులు కదలెడివని చెప్పుదురు. 1918లో అమెరికావారు ఈ యవసరమునకై మన దేశపు ఆముదపు గింజలను తెప్పించి ఫ్లోరిడాలో విత్తించిరి.

ఇటీవల న్యూజీలాండునందలి ఓమాకాలో ఒక కార్ఖానావారు 100 గుర్రముల నోమ్ యంత్రమును క్రొత్తగా చేసిరి. సిలిండరు గోడ మందము ఒకటిన్నర మిల్లీమీటరు మాత్రమే. ఉక్కుదిమ్మెను తొలిచి దానిని తీయవలెను. ఆ పనిని నేటి కంప్యూటరు లేతులు చేయగలవు. నా దృష్టిలో అసలు చిక్కు వేరు. తిరుగునప్పుడు సిలిండరునకు గాలి కెదురైన ప్రక్క చల్లబడును, వెనుక ప్రక్క వేడెక్కును. దానితో గుండ్రదనము చెడును. గట్టి యినుప కట్టు దానికి అంటియుండదు. అందుచేత ఆనాటివారు పలుచని కంచుకట్టు వేసిరి. అది విరిగినచో సిలిండరే పాడగును, ఆకాశమందున్న మనిషి ప్రాణమునకే ముప్పు. పాత పటములో కొలత లుండును గాని, లోహమునకు ఎంత పదును పట్టించిరో చేసినవాని చేతికే తెలియును. కొలిమిలో ఇనుము రంగు చూచి నీట ముంచు మన కమ్మరి నడుగుడు, అతడు అంకెలు చెప్పడు. కావున నేటివారు చేసి, త్రిప్పి, విప్పి చూచి, మరల చేయుచు నేర్చుకొనవలసివచ్చెను.

నూనె మాత్రము మారలేదు. వంటాముదము కాగు వాసన నెరిగిన మన ముసలమ్మలు అట్టి విమానము తలపై పోయినచో కన్నులు మూసికొనియే గుర్తింపగలరు.