సంతానలేమి: నింద కాదు, చికిత్స కావలయును
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగపాఠము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున నేను కావ్యములను గూర్చి ప్రసంగింతునని పెక్కురు తలచియుందురు. నేడు నేనెన్నుకొన్నది సభలలో పలుకుటకు సిగ్గుపడు విషయము. ఇండ్లలో మాత్రము కన్నీటితో పలుకు విషయము. అదియే సంతానలేమి.

నేను ఊరి లెక్కలు వ్రాయువాడను. పొలము చేతులు మారినప్పుడెల్ల కారణము నా చెవిని బడుచుండును. కొన్ని విక్రయములకు కరువు కారణము, కొన్నింటికి ఆడపిల్ల పెండ్లి కారణము. ‘పిల్లల కొరకు ఆసుపత్రులు తిరిగితిమి’ అనునదియు నిప్పుడు తరచుగ వినవచ్చుచున్నది. పోయినది పొలమే యైన దుఃఖమున కొక మేర యుండును. పిల్లలు లేని ఇల్లాలిని సీమంతమునకు పిలువరు. ఉదయమున ఎదురువచ్చినచో మొగము త్రిప్పుకొందురు. నాలుగేండ్లు గడచినచో భర్తకు రెండవ పెండ్లి మాట ఎత్తుదురు. ఆ భర్తను మాత్రము ఎవ్వరును పరీక్షకు పొమ్మనరు.

ఇది మన పెద్దలు చూపిన త్రోవ యని కొందరందురు. కాదని నా మనవి. దశరథునకు ముగ్గురు రాణులుండియు సంతానము లేకపోయెను. ఆయన కౌసల్యను నిందింపలేదు. తానే యజ్ఞదీక్ష వహించెను. దిలీపుడు కోశలాధిపతియయ్యు నందినీధేనువు వెంట అడవిలో స్వయముగ తిరిగెను. సుదక్షిణయు వ్రతమున పాలుపంచుకొనెను. పాండురాజు కథలో అడ్డంకి భర్తయందే యున్నదని వ్యాసులవారు దాచక చెప్పిరి. పురాణములు వినుచు తలయూపు మనము ఈ భాగమును మాత్రము విననట్లే యుందుము.

నేటి వైద్యమును అదే చెప్పుచున్నది. పిల్లలు లేని జంటలలో సుమారు సగము తావుల పురుషుని లోపమును కొంత కారణమై యుండును. అందుచే ఏడాది కాపురమైనను గర్భము రానిచో ఇరువురును కలసి వైద్యునొద్దకు పోవలయును. స్త్రీకి 35 ఏండ్లు దాటినచో ఆరు నెలలకే పోవలయును. పురుషుని వీర్యపరీక్ష అన్నిటిలో సులభమైనది. లెక్కలో జమ పుట చూడక ఖర్చు పుట మాత్రమే చూచి తప్పు పట్టు గుమాస్తాను మనమేమందుము?

ఇక స్త్రీ శరీరమున జరుగు క్రమమును వినుడు. హార్మోను అనగా రక్తమున పయనించు దూత. మెదడు అడుగున బఠాణీ గింజంత పిట్యూటరీ గ్రంథి కలదు. అచటినుండి ఎఫ్.ఎస్.హెచ్. అను దూత అండాశయమునకు పోయి అండమును పెంచును. పెరుగుచున్న అండము చుట్టునుండి ఈస్ట్రోజెన్ వెలువడును. అది తగినంతయైనప్పుడు ఎల్.హెచ్. అను రెండవ దూత ఒక్కుమ్మడిగ వచ్చి అండమును విడుదల చేయించును. 28 దినముల ఋతుక్రమము గలవారికి ఇది ఇంచుమించు 14వ దినమున జరుగును. విడుదలైన అండము ఒక్క దినమునకు మించి నిలువదు.

అనంతపురము జిల్లా రైతునకు దీనిని బోధించుట కష్టము కాదు. ఏడాది వాన మొత్తము సరిపోయినను, అదనున పదును లేకున్న వేరుసెనగ విత్తలేము. హార్మోనులును అట్లే. ఎంత వచ్చెననుటయే కాదు, ఎప్పుడు వచ్చెననుటయు ప్రధానము. ఆ క్రమము తప్పినచో నెలసరి తప్పును, అండము విడుదల కాదు. థైరాయిడ్ లోపము, ప్రొలాక్టిన్ అధికమగుట, 1935లో షికాగో వైద్యులు స్టెయిన్, లెవెంతాల్ వర్ణించిన పి.సి.ఓ.ఎస్. — ఇవి ముఖ్యమైన కారణములలోనివి. మొదటి రెండింటికి రక్తపరీక్ష చేసి తగిన మాత్రలిత్తురు. మూడవదానియందు స్థూలకాయులకు బరువులో నూటికి ఐదు పాళ్లు తగ్గినను ఋతుక్రమము చక్కబడుట కలదు.

అంతట చక్కబడనిచో మాత్రలు కలవు. క్లోమిఫీన్ ఫలితమును 1961లో అమెరికా వైద్యుడు గ్రీన్‌బ్లాట్ బృందము ప్రకటించెను. ఈ మాత్ర వలన మెదడు ఈస్ట్రోజెన్ తగ్గినదని భ్రమించి ఎఫ్.ఎస్.హెచ్.ను అధికముగ పంపించును. లెట్రోజోల్ మొదట రొమ్ము క్యాన్సరునకు పుట్టిన మందు. మన దేశమున సంతాన చికిత్సలో దీనిని 2011లో నిషేధించి, 2017లో నిషేధమును తొలగించిరి. 2014లో అమెరికాలో పి.సి.ఓ.ఎస్. గల 750 మంది స్త్రీలపై జరిగిన పరిశోధన ఫలితము వెలువడెను. ఐదు నెలసరుల వరకు మాత్ర వాడగా లెట్రోజోల్ వలన నూటికి 27.5 మందికిని, క్లోమిఫీన్ వలన 19.1 మందికిని బిడ్డలు కలిగిరి. ఈ అంకెలను జాగ్రత్తగ చూడుడు. మేలైన మందునకే అంతటి ఫలితమైనప్పుడు, ‘నూటికి నూరు పాళ్లు మాది పూచీ’ యను ప్రకటన ఎంతటి అసత్యమో తెలియుచున్నది.

మాత్రలకు లొంగనిచో సూదిమందులు కలవు. వీని కథ విచిత్రమైనది. ముట్లుడిగిన స్త్రీల మూత్రమున ఈ హార్మోను సమృద్ధిగ నుండునని ఎరిగి, ఇటలీలోని సన్యాసినీ మఠములనుండి దానిని సేకరించి మందు చేసిరి. ఆ మందుతో ఇజ్రాయెలులో 1962లో బిడ్డ జన్మించెను. సంతానము వలదనుకొన్న తల్లుల వలన లోకమున ఎన్ని ఇండ్లు నిండెనో!

ఆ 1962వ సంవత్సరముననే తూర్పుగోదావరి జిల్లాలో ఒక కన్యకు వివాహమైనది. ఆమెకు సంతానము కలుగలేదు. ఊరివారి నిందలు మాత్రము కలిగెను. తుదకు 2019 సెప్టెంబరులో, డెబ్బది యేండ్లు దాటిన పిదప, గుంటూరులో కృత్రిమ గర్భధారణ పద్ధతిచే కవల ఆడబిడ్డలను కనెను. లోకమంతయు ఆశ్చర్యపడినది. నాకు ఆశ్చర్యముకంటె దుఃఖమే అధికమైనది. సన్యాసినుల మందే ఆమెకు తగినదని నేననను. కాని సంతాన వైద్యము ఆ ఇంటి గడప చేరుటకు ఏబదియేడేండ్లు పట్టినది గదా! ఆ వయస్సున గర్భము తల్లి ప్రాణమునకే గండము. 2021లో వచ్చిన చట్టము ఇట్టి చికిత్సకు స్త్రీకి 50, పురుషునకు 55 ఏండ్లు లోపుండవలెనని నియమించినది. కేంద్రములు ప్రభుత్వమునొద్ద నమోదు కావలెననియు శాసించినది.

కనుక కొన్ని జాగ్రత్తలు చెప్పెదను. ఈ మాత్రలను మందుల అంగడిలో అడిగి తెచ్చుకొని మ్రింగరాదు. స్కానింగు లేక సూదిమందులు వేయించుకొనరాదు. అండములు పెక్కు పెరిగి కవలలో ముగ్గురో కలుగవచ్చును. పొట్ట ఉబ్బుట, ఆయాసము, మూత్రము తగ్గుట కనిపించినచో క్షణము జాగు చేయక ఆసుపత్రికి పోవలయును. కేంద్రమునకు పోయినప్పుడు నమోదు పత్రము చూపుమనవలయును; చెల్లించిన ప్రతి రూపాయికి రశీదు గైకొనవలయును. 2025లో సికింద్రాబాదున ఒక కేంద్రము పరుల బిడ్డను దంపతులకు అంటగట్టినదను అభియోగముపై పోలీసులు కేసు నడపిన వార్త మీరెరిగినదే. పొలము అమ్ముటకు మునుపు అనంతపురము ప్రభుత్వాసుపత్రిలో తొలి పరీక్షలు చేయించుకొనుడు.

అన్ని యత్నములు చేసినను బిడ్డ కలుగనివారుందురు. వారియందు లోపమేమియు లేదు. చట్టప్రకారము పెంపకమునకు తెచ్చుకొన్న బిడ్డయు బిడ్డయే. దేవకి కన్నను, కృష్ణుడనగనే మనకు స్ఫురించు తల్లి యశోదయే కదా!

సోదరులారా! మందు పుట్టుటకును, మన గడప చేరుటకును నడుమ దూరమును తగ్గించునది చదువు. అందుకే ఊరికొక గ్రంథాలయము. స్త్రీ ఆరోగ్యమును గూర్చిన పుస్తకములకు ఇచట ఒక బీరువా కేటాయింపుమని కార్యవర్గమును వేడుచున్నాను. మగవారు ముందుగ వానిని చదువవలెనని మిమ్ములను వేడుచున్నాను. రేపటి సీమంతములకు పిల్లలు లేని ఇల్లాండ్రను ముందు వరుసలో పిలువవలెనని తల్లులను వేడుచున్నాను.