మేఘారణ్యమున వెదకులాట

గ్వాటెమాలా దేశమున కూచుమతానెస్ పర్వతములపై తరచు మబ్బులు కప్పియుండు అడవులు కలవు. అచట సాలమాండర్లను చిన్న జీవులు వసించును. చూపునకు బల్లులు, వంశమునకు కప్పలకు చుట్టములు. ఊపిరితిత్తులు లేవు, తడి చర్మముతోనే శ్వాసించును. మబ్బు తొలగిన వాని బ్రతుకు తొలగినట్లే.

1975లో జెరెమీ జాక్సన్, పాల్ ఎలియాస్ అను అమెరికను యువకులిద్దరు అందు పసిమివన్నె గల యొక జాతిని కనుగొనిరి. పిమ్మట 42 సంవత్సరములు దాని జాడ లేదు. శాస్త్రజ్ఞులు పలుమారులు కొండలెక్కి వెదకి రిక్తహస్తములతో దిగివచ్చిరి.

తుదకు 2017లో అది కనబడినది పండితులకు కాదు, గస్తీ తిరుగు అడవి కావలివానికి! కాఫీతోటల పాలు కానున్న ఆ నేలను 2015లోనే సంరక్షణకై కొనిరి గనుక అచట కావలివాడుండెను. దొరికినది పిల్ల, కావున పెద్దవియు సమీపమున నుండి తీరవలెను.