కెప్లర్ తల్లి



గ్రహగతులను గూర్చిన కెప్లర్ సూత్రాలు మన తిరుచ్చులి పిల్లలకూ పరిచితమైనవే. ఆ కెప్లర్‌ను కన్నతల్లి మంత్రగత్తె అన్న నిందతో 14 నెలలు చెరలో మ్రగ్గినదన్న సంగతి మాత్రం పాఠంలో కానరాదు.

కాతరీనా కెప్లర్ జర్మనీలోని లియోన్‌బెర్గ్ పట్టణవాసి. మగడు విడిచిపోయినాడు. చదువు రాదు; మూలికావైద్యం తెలుసు; మాట కాస్త పరుషమని వాడుక. 1615లో ఉర్సులా రైన్‌బోల్డ్ అనే స్త్రీ, కాతరీనా ఇచ్చిన చేదు పానీయం వలననే తాను జబ్బుపడినానని ఆరోపించినది. ఇక ఊరందరికీ పాత సంగతులు జ్ఞాపకం వచ్చినవి. పశువు చచ్చినా, పిల్ల చేయి నొచ్చినా నేరం ఆమెదే. మన పల్లెలలో చేతబడి, చిల్లంగి అన్న మాటలు పుట్టే తీరు ఇదే కదా!

1620 ఆగస్టులో, ఏడు పదులు దాటిన ఆమెను బంధించినారు. కొడుకు లింజ్ నగరం నుండి వచ్చి, సాక్ష్యాలలోని వైరుధ్యాలను ఒక్కొక్కటిగా ఎత్తిచూపి, రోగాలకు సహజ కారణాలు చెప్పి, సుదీర్ఘమైన ప్రతివాదపత్రం సిద్ధపరచినాడు. కన్నీరు రాకపోవడం మంత్రగత్తె లక్షణమని నమ్మిన కాలమది. బ్రదుకంతా ఏడ్చి ఏడ్చి కన్నీరు ఇంకిపోయినదని ఆమె బదులు చెప్పినది.

1621 సెప్టెంబరులో తలారి చేత హింసాసాధనాలు చూపించి నేరం ఒప్పుకొమ్మన్నారు. ఒంటిలోని నరాలను ఒక్కొక్కటిగా పెరికినా ఒప్పుకొనుటకు ఏమీ లేదన్నది. కొడుకు వాదన గొప్పదే. అయినా ఆ గదిలో నిలిచినది ఆమె ఒక్కతెయే.

అక్టోబరులో ఆమెను విడిచిపెట్టినారు. 1622 ఏప్రిల్‌లో కన్నుమూసినది.