ఎక్కకుండానే ఎత్తు కొలవడం



మొన్న ఆదివారం మా బడి పిల్లల్ని తార్నాక నుంచి నడిపించుకుంటూ ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీకి తీసుకెళ్లాను. 1939లో ప్రారంభమైన ఆ రాతి భవనం ఎత్తు, ఎక్కకుండా కనుక్కోవాలి. చేతిలో కోణమానిని, దారానికి కట్టిన రాయి, టేపు, అంతే.

పైఅంచు 45 డిగ్రీల్లో కనిపించే చోట నిలబడితే, దూరమెంతో ఎత్తూ అంతే. మెట్ల దాకా కొలిచి లెక్క చెప్పేశాను. "సార్, పైఅంచు మెట్ల మీద లేదు, వెనక ఉంది కదా!" అందొక అమ్మాయి. తప్పు నాదే. అందుకని 30 డిగ్రీలు వచ్చేదాకా వెనక్కి నడిచాం. అక్కడ దూరం ఎత్తుకు 1.732 రెట్లు. కనుక నడిచిన దూరాన్ని 0.732తో భాగించి, కంటి ఎత్తు కలిపితే సరి. గోడను ముట్టనక్కర్లేదు.

1918లో ఉర్దూ మాధ్యమంతో స్థాపించిన విశ్వవిద్యాలయం అది. మేం 'ఇల్మె ముసల్లస్' అని చదివిందే ఈ త్రికోణమితి. అల్ బిరూనీ ఇలాగే కొండ ఎత్తు తీసి, దాంతో భూమి వ్యాసార్ధం లెక్కగట్టాడు.

నా తప్పు పట్టిన ఆ అమ్మాయిని పదో తరగతితో మాన్పిస్తారట. పెద్దలారా, ఆ ఇంటికి నాతో ఒక్కసారి రండి. సెలవు.