యంత్రం వచ్చింది సరే, నడిచేదెట్లా?

(నరసరావుపేటలో విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆస్పత్రికి కొత్త యంత్రం వస్తే రిబ్బన్ కత్తిరిస్తారు, ఫొటోలు దిగుతారు. తర్వాత దాని గతి ఏమైందని అడిగే నాథుడుండడు. 2015 ప్రాంతంలో కేంద్రం లెక్క తీయించింది. 29,115 ప్రభుత్వ వైద్య కేంద్రాల్లో 7,56,750 పరికరాలున్నాయి. విలువ సుమారు రూ.4,564 కోట్లు. రాష్ట్రాన్ని బట్టి వాటిలో నూటికి 13 నుంచి 34 దాకా మూలన పడి ఉన్నాయి. అదంతా జనం సొమ్ము కాదా?

క్షయ సంగతే చూడండి. మైక్రోస్కోపు కింద కళ్లె పరీక్షలో క్రిములు వేల సంఖ్యలో ఉంటేనే కనబడతాయి. 2010 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన జీన్ ఎక్స్‌పర్ట్ యంత్రం రెండు గంటల్లో జబ్బునూ చెబుతుంది, రిఫాంపిసిన్ మందుకు లొంగుతుందో లేదో కూడా చెబుతుంది. గొప్పదే! కానీ గది వేడి 30 డిగ్రీలు దాటకూడదు, కరెంటు పోకూడదు. 45 డిగ్రీలు దాటిన ఎండలు చూసిన రెంటచింతల మనది. ఏసీ, ఇన్వర్టరు ఇవ్వకుండా యంత్రం ఒక్కటే పంపితే ఏం లాభం?

గోవాలో తయారైన ట్రూనాట్ ఈ ఇబ్బందిని గుర్తెరిగి చేసింది. బ్యాటరీ మీద నడుస్తుంది, 40 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. 2020లో దానికీ ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం దొరికింది. అయితే ప్రతి పరీక్షకూ ఒక చిప్పు కావాలి. చిప్పులు నిండుకున్నా, టెక్నీషియన్ పోస్టు ఖాళీగా ఉన్నా అదీ అలంకారమే. పిడుగురాళ్ల సున్నపు బట్టీల కాడ దగ్గుతున్న కూలీకి ఒరిగేదేమీ లేదు. ఒక రోజు కూలి పోగొట్టుకుని వచ్చినవాణ్ణి 'రేపు రా' అంటే మళ్లీ వస్తాడా?

2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా అయింది, నరసరావుపేట జిల్లా కేంద్రమైంది. బోర్డు మారితే చాలదు. పరికరాలు జిల్లా ఆస్పత్రిలో నూటికి 95 పాళ్లు, సామాజిక ఆరోగ్య కేంద్రంలో 90, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో 80 పాళ్ల సమయం పనిచేసే స్థితిలో ఉండాలని కేంద్ర నిర్వహణ పథకమే చెబుతోంది.

విద్యార్థి మిత్రులారా, ఉద్యోగ సోదరులారా! 2005 సమాచార హక్కు చట్టం మన చేతిలో ఉంది. మూడే ప్రశ్నలు అడగండి. యంత్రం ఎన్ని రోజులు నడిచింది? నడిపే మనిషి ఉన్నాడా? చెడిపోతే బాగుచేసే బాధ్యత ఎవరిది? యంత్రం దానం కాదు, మన హక్కు. అది పనిచేయడం కూడా మన హక్కే!