మెదడులోని నెత్తుటి కాలవలు



డెల్టాలో పుట్టినవాళ్ళం, కాలవల సంగతి మనకు ఒకరు చెప్పనక్కరలేదు. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి పెద్దకాలవలో వచ్చిన నీరు పంటబోదెల్లోకి చీలి, చేలు తడిపి, మిగిలింది మురుగుకాలవలో పడుతుంది. మెదడులోనూ అంతే. ధమనుల్లో జోరుగా వచ్చిన నెత్తురు సన్నని కేశనాళికల్లో నెమ్మదించి సిరల్లోకి చేరుతుంది. కొందరికి ఒకచోట ఆ కేశనాళికలు ఉండవు. ధమనులూ సిరలూ చిక్కుపడ్డ నూలులా నేరుగా కలిసిపోతాయి. దీన్ని డాక్టర్లు ఏ.వి.ఎం. అంటారు. బోదెలు లేకుండా పెద్దకాలవను మురుగుకాలవలోకి తెగ్గొడితే ఎంత జోరో ఊహించండి. ఆ జోరుకు ధమని గోడ పలచబడి బుడగలా ఉబ్బితే అది అన్యూరిజం. ఏ.వి.ఎం. ఉన్న నూరుమందిలో సుమారు 10 నుంచి 20 మందికి ఈ బుడగ కూడా ఉంటుంది.

మాకు తెలిసిన దర్జీ కుర్రాడొకడు మిషను మీద కూర్చుని ఉండగానే "తల పగిలిపోతోందమ్మీ" అంటూ కూలబడ్డాడు. వాంతులయ్యాయి, మెడ పట్టేసింది. ఎండదెబ్బన్నారు, దిష్టన్నారు. ఒకచోట ఇంజక్షను చేసి ఇంటికి పంపేశారు. మూడోరోజుకి గాని స్కానింగు జరగలేదు. యాంజియోగ్రాము తీస్తే చిక్కూ ఉంది, బుడగా ఉంది.

"రెండూ ఒక్కసారే తీసెయ్యకూడదా భాయ్?" అని వాళ్ళమ్మ మమ్మల్ని అడిగింది. తెలివైన ప్రశ్నే. కాని ముందు ఏది చిట్లిందో తేల్చాలి. చిట్లింది బుడగైతే అది కొద్ది రోజుల్లోనే మళ్ళీ చిట్లే భయం హెచ్చు, కనుక ముందు దాన్ని మూస్తారు. పుర్రె తెరిచి క్లిప్పు వేయడం 1937లో డాక్టర్ వాల్టర్ డాండీ మొదలుపెట్టిన పద్ధతి. 1990ల నుంచి తొడ దగ్గరి నాళంలోంచి సన్నని గొట్టం పంపి ప్లాటినం తీగచుట్టలతో నింపడమూ వచ్చింది.

చిక్కు సంగతి సాధారణంగా తరువాత చూస్తారు. కోసి తీయవచ్చు, జిగురుతో మూయవచ్చు, గామా కిరణాలు పెట్టవచ్చు. కిరణాలతో మూసుకోవడానికి రెండు మూడేళ్ళు పడుతుంది, అందాకా చిట్లే భయం ఉండనే ఉంటుంది. చిట్లిన బుడగను వదిలేసి కిరణాలకు పంపరాదనేది అందుకే. చిక్కు మూసుకున్నాక జోరు తగ్గి కొన్ని చిన్న బుడగలు వాటంతటవే ముడుచుకోవడమూ కద్దు. ఇక ఎన్నడూ చిట్లని ఏ.వి.ఎం.ను కదపకపోవడమే మేలని 2014లో ఒక పరిశోధన చెప్పింది. సర్జన్లు చాలామంది ఒప్పుకోలేదు, ఆ తగవు తెగలేదు.

మా కుర్రాడికి ముందు బుడగ మూశారు. చిక్కు లోతుగా ఉండడంతో కిరణాలు పెట్టించి ఏడాదిన్నరయింది. మళ్ళీ మిషను తొక్కుతున్నాడు, ఎడమచెయ్యి మాత్రం కొంచెం మొరాయిస్తోంది. ఇంకో యాంజియోగ్రాము మిగిలింది. ఆ ఖర్చు సంగతి సభ ముగిశాక సంఘం పెద్దలతో మాట్లాడతాం.